మార్కులు బడివా, ఇంటివా?

జూన్ వచ్చిందంటే మా అక్క ఫోన్ చేస్తది. "తమ్మీ, పోరన్ని సర్కారు బడిల్నే ఉంచాల్నా, బస్సెక్కించి ప్రైవేటుకు తోలాల్నా? ఆడ పిల్లలకు మార్కులు మంచిగొస్తున్నయట" అని.

వస్తయి, అబద్ధం గాదు. కానీ ఆ మార్కులు బడి తెచ్చినయా, ఇంటికాన్నుంచి వచ్చినయా? పంచాయితీ గాడనే ఉన్నది. ఫీజు కట్టేటోళ్ల ఇంట్ల చాలామటుకు సదువుకున్న తల్లి ఉంటది, ట్యూషన్ ఉంటది. ఆ పోరడు ఏ బడిల కూసున్నా కొంచెం ముందే ఉంటడు.

ఈ ముడి విప్పనీకి 2008ల మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లనే ఒక పరీక్ష మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 ఊర్లు తీసుకున్నరు. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులతోని దరఖాస్తులు పెట్టిచ్చి లాటరీ తీసిండ్రు. పేరు వస్తే ప్రైవేటు బడి ఫీజు వాళ్లే కడతరు. లాటరీకి ఎవరిల్లు ఎట్లాంటిదో తెల్వదు గదా! అందుకే పేరొచ్చినోళ్లు, రానోళ్లు ఒక్క తీరు ఇండ్లోళ్లే. తర్వాత ఏమన్న తేడా వస్తే అది బడి తెచ్చిన తేడా.

నాలుగేండ్లు చూసిండ్రు. తెలుగుల, లెక్కల్ల తేడా రాలే. ఇంగ్లిష్‌ల సుత చెప్పుకోదగ్గ తేడా కనబడలే. నేను మొదట సదివినప్పుడు నమ్మలే, మల్ల సదివిన. ఒక్క హిందీల మాత్రం ప్రైవేటు పిల్లలు మస్తు ముందటున్నరు. అయితే ఇంకో మాట కూడా చెప్పాలె. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ టైం పెట్టినయి, ఒక్కో పిల్లగానికి సర్కారు బడి ఖర్చుల మూడో వంతు కూడా పెట్టలే. అయినా మార్కులు సమానమే వచ్చినయి. ఆ తక్కువ ఖర్చు వెనక పంతుళ్ల తక్కువ జీతాలున్నయి, అది వేరే కథ.

మరి తల్లిదండ్రులు ఇంగ్లిష్ అని ఊకెనే ఉరుకుతున్నరా? కాదు. మెహతాబుల్ ఆజమ్, ఏమీ చిన్, నిశిత్ ప్రకాశ్ 2013ల అచ్చేసిన లెక్క ప్రకారం, మన దేశంల ఇంగ్లిష్ ధారాళంగ మాట్లాడే మొగోళ్లకు, అసలే రానోళ్ల కంటె గంట కూలి 34 శాతం ఎక్కువ. సదువును లెక్కల పట్టినంక కూడా అంత తేడా ఉన్నది. కానీ వయసు పిల్లలల్ల ఆ లాభం ఎక్కువ సదువుకున్నోళ్లకే దక్కింది. నడుమల బడి మానేసినోనికి ఇంగ్లిష్‌తోని పైసలు పెరగలే.

అక్కకు గిదే చెప్పిన. బోర్డు మీది రాతలు ఇడిసిపెట్టి, రాత్రి అన్నాలు తిన్నంక పోరని తోని పేపర్ సదివియ్యి, నాలుగు లెక్కలు చేపియ్యి అన్న. తెల్లారి ఫోన్ చేసింది. పేపర్ గడగడ సదివిండట, భాగారాల కాడ ఆగిండట. బస్సు పైసలు పక్కకు పెట్టి, సాయంత్రం లెక్కలు చెప్పే డిగ్రీ పిల్ల ఎవలన్న ఉన్నరా అని వాడల అడుగుతున్నది.