‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి? చోటు మారితే అర్థమే మారిపోతుంది!

చెక్కు మీద ‘రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ’ అని రాస్తాం కదా. ఆ ఓన్లీ లేకపోతే చెక్కు చెల్లదని చాలామంది అనుకుంటారు. అలాంటి రూల్ ఏం లేదు. అది మన జాగ్రత్త కోసమే. ఖాళీ వదిలేస్తే పక్కన ఎవరైనా ‘నైన్ హండ్రెడ్’ అని చేర్చేయొచ్చు. పైగా 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 18వ సెక్షన్ ప్రకారం అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే అక్షరాల్లో రాసిన మొత్తమే లెక్క. అందుకే అక్షరాల చివర ఆ తాళం.

ఈ పదం పుట్టింది ‘ఒకటి’ నుంచి. పాత ఇంగ్లిష్‌లో ‘ఆన్’ అంటే ఒకటి, ‘లిచ్’ అంటే లాంటి. రెండూ కలిసి ‘ఒకే ఒక్క’ అనే అర్థం వచ్చింది. ఒకటిని ‘వన్’ అని పలకడం తర్వాత వచ్చిన అలవాటు. ఓన్లీ, అలోన్ పదాల్లో మాత్రం పాత ‘ఓ’ శబ్దం అలాగే ఉండిపోయింది.

ఇక వాడకం. ‘ఓన్లీ రవి పెయిడ్ ఫైవ్ హండ్రెడ్’ అంటే రవి ఒక్కడే ఇచ్చాడని. ‘రవి పెయిడ్ ఓన్లీ ఫైవ్ హండ్రెడ్’ అంటే ఐదొందలే ఇచ్చాడని. పదాలు అవే, చోటు మారిందంతే.

మనకు అసలు చిక్కు తెలుగు ‘ఏ’తో వస్తుంది. ‘ఐదొందలే ఇచ్చాడు’లో అది పరిమితి. ‘మాది గుంటూరే’లో ఊరికే నొక్కి చెప్పడం. మనం రెండో దానికి కూడా ఓన్లీ తగిలించేస్తాం.. ‘ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్ ఓన్లీ’ అని. హిందీవాళ్లూ ‘హీ’ అనే చోట ఇదే పని చేస్తారు కాబట్టి ఇక్కడ అందరికీ అర్థమైపోతుంది.

ఫారిన్ క్లయింట్‌తో మాత్రం జాగ్రత్త. టీమ్ సోమవారమే అందుబాటులోకి వస్తుందని చెప్పాలనుకుని ‘ద టీమ్ ఈజ్ అవైలబుల్ ఆన్ మండే ఓన్లీ’ అని మెయిల్ పెట్టారనుకోండి. మంగళవారం నుంచి ఎవరూ ఉండరని వాళ్లు అనుకుంటారు! (నేనూ మొన్నమొన్నటి దాకా ఇలాగే రాసేదాన్ని.) ‘ఫ్రమ్ మండే’ అంటే సరిపోతుంది.

అన్నట్టు, ఎవరైనా ‘ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’ అంటే అక్కడ ‘మాత్రమే’ అనే అర్థం వెతక్కండి. సాయం చేయడం తమకు ఎంతో సంతోషం అంటున్నారు.