కరెంటు లేని చోట చక్రాల ఇల్లు

అమెరికాలో నివసించు మన పిల్లలు కొందరు సెలవులలో ట్రైలరు, అనగా కారు వెనుక లాగుకొనిపోవు చక్రాల ఇల్లు, అద్దెకు తీసికొందురు. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ చుట్టునున్న ప్రభుత్వ భూములలో సాధారణముగా 14 దినముల వరకు ఉండనిచ్చెదరు. బసచేయు చోట కరెంటు లేదు, కొళాయి లేదు.

బ్యాటరీ సంగతి ముందు చూద్దము. అది మన ఇన్వర్టరు బ్యాటరీ వంటిదే. 100 ఆంపియర్-గంటలని వ్రాసియున్నను అందులో సగమే మనదని ఎంచవలెను. అంతకు మించి వాడుచుండిన దాని ఆయుష్షు తరుగును. ఏమియు వాడక కొంతసేపు ఉంచి చూచినప్పుడు మీటరు 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.1కి దిగితే సగమైనట్టు. ఎల్.ఇ.డి. దీపములు తినునది కొంచెమే. రాత్రి వెచ్చదనమిచ్చు హీటరే అసలు దొంగ! మంట గ్యాసుదే గాని దాని ఫ్యాను బ్యాటరీమీద తిరుగును. గనుక కంబళ్లు ఎక్కువ తీసికొనిపొండని మేము చెప్పుచున్నాము.

నీటి పొదుపు మన పల్లె స్త్రీలకు ఎవరును నేర్పనక్కరలేదు. ఒళ్లు తడుపుకొని షవరు కట్టివేయుట, సబ్బు రుద్దుకొన్నాక మరల విప్పుట, వేడినీరు వచ్చులోగా పారు చన్నీటిని గిన్నెలో పట్టుట, అంతే. వాడిన నీటిని నేలమీద విడువక తొట్టిలోనే ఉంచుకొనవలెను. చాలమారులు మంచినీళ్లు అయిపోకముందే ఆ తొట్టి నిండి, బండిని ఊరిలోనికి మరలించును.