చట్టంలో లేని కోడలిదే చాకిరీ అంతా

కళ్యాణదుర్గం: వేరుశనగ ఎండిన ఏడు బెంగళూరుకు వలస పోవడం అనంతపురం జిల్లా పల్లెల్లో మామూలే. కొడుకులు కూలిపనులకు తరలిపోగా, మంచం పట్టిన పెద్దల ఆలనాపాలనా ఇంటిపట్టున ఉన్న కోడళ్లపైనే పడుతున్నది.

పక్షవాతంతో కదల్లేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకుంటే నడుముకు, మడమలకు పుండ్లు పడతాయి. కూర్చోబెట్టి గంజి పట్టకుంటే పొలమారుతుంది. రాత్రిళ్లు కునుకు లేదు, పగలు కూలికి పోయే వీలు లేదు.

తల్లిదండ్రుల పోషణ బాధ్యతను 2007 నాటి చట్టం పిల్లలపై పెట్టింది. అందులో పిల్లలంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు. కోడలి ప్రస్తావన లేదు. చాకిరీ మాత్రం ఆమెదే.

2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ. 15,000. రెండూ పెద్దల పేరిటే. చేసే మనిషికి కూలీ లేదు, సెలవూ లేదు.

పుండ్లు పడకుండా చూసుకునే తీరు ఆరోగ్య సిబ్బంది ఇంటికొచ్చి నేర్పాలి. వృద్ధుల సమస్యలపై 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కొడుకు నెలకు రెండు రోజులు మంచం దగ్గరుండాలి. ఇరుగుపొరుగు ఒక్క పూట కూర్చున్నా ఆ ఇల్లాలు కంటినిండా నిద్రపోతుంది.