కోవర్టు ఎవరు?

ఎన్నికలొస్తే పామూరు టీకొట్ల దగ్గర కూడా ఈ మాట వినిపిస్తుంది: "వాడు మనోడు కాదు, కోవర్టు." పగలు ఈ పార్టీ కండువా కప్పుకుని, రాత్రికల్లా ఇక్కడి గుట్టు అవతలివాళ్లకు చేరవేసేవాడన్నమాట.

ఇంగ్లీషులో ఇది ప్రధానంగా విశేషణం. చాటుగా సాగే పనిని చెబుతుంది. మూలం పాత ఫ్రెంచి, అర్థం 'కప్పి ఉన్నది'. మనవాళ్ల నోట 'కోవర్టు ఆపరేషన్'లో ఆపరేషన్ రాలిపోయి, కోవర్టు ఏకంగా మనిషైపోయాడు.

ఈ మాటకు పదును పెట్టింది నక్సలైట్ల కాలం. అప్పట్లో ఇన్‌ఫార్మర్, కోవర్టు ఒకటి కాదు. ఊళ్లో ఉంటూ పోలీసులకు కబురందించేవాడు ఇన్‌ఫార్మర్. దళంలోనే తిరుగుతూ దళాన్ని దెబ్బతీసేవాడు కోవర్టు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇలాంటివాళ్లను 'ఉభయవేతనులు' అంది. రెండువైపులా జీతం తీసుకునేవాళ్లు! వేగులవాడనే మన పాత మాటలో ఇంత విషం లేదు. అతను రాజుగారి కొలువులో ఒక ఉద్యోగి, అంతే.

మార్కాపురం, గిద్దలూరు పక్క నల్లమల అంచు ఊళ్లలో మాత్రం ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర ప్రాణం మీదికి తెచ్చేది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం మావోయిస్టు నేత రామకృష్ణ బృందం ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గరే అడవిలోంచి బయటికొచ్చింది. 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అంతా చెడింది. తుపాకులు మళ్లీ మోగాయి, పత్రికల్లో 'ఇన్‌ఫార్మర్ నెపంతో హత్య' అన్న శీర్షికలూ తిరిగొచ్చాయి. ఆ 'నెపం' అనే మాట వాడిన విలేకరులను మెచ్చుకోవాలి. చనిపోయినవాడు నిజంగా కబురు మోశాడో లేదో తేల్చే కోర్టు అడవిలో లేదు. పశువు తప్పిపోయిందని స్టేషను మెట్లెక్కినా అనుమానమే. దళానికి అన్నం పెడితే ఇటు పోలీసులతో తంటా.

నక్సలైట్ల నుంచి పోలీసుల వైపు దూకినవాళ్లలో పేరుమోసినవాడు నయీం. 1993లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ హత్య కేసులో నిందితుడు. తర్వాత పాత సహచరులకే శత్రువయ్యాడు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయేనాటికి అతనికి మిగిలిన పేరు గ్యాంగ్‌స్టర్.

ఇప్పుడు దళాలు లేని ఊళ్లలోనూ మాట బతికే ఉంది, పార్టీ ఆఫీసుల్లో. 2022 డిసెంబరులో తెలంగాణ కాంగ్రెస్ సీనియర్ నేత దామోదర రాజనర్సింహ, పార్టీలో కోవర్టులున్నారని విలేకరుల ముందే అన్నారు.