తీగమీది అంకెలు – బేస్ గిటారు టాబ్లేచరు

సంగీతాన్ని కాగితంమీద వ్రాసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఏ స్వరం వినిపించాలో తెలిపేది ఒకటి. ఆ స్వరంకోసం వ్రేలు ఎక్కడ ఉంచాలో తెలిపేది రెండవది. సరిగమలతో వ్రాసే మన స్వరలిపి మొదటి రకానికి చెందుతుంది. రాక్ పాటలు నేర్చుకొనేవారు విరివిగా వాడే ‘టాబ్లేచరు’ రెండవ రకానికి చెందుతుంది. దీని సహాయంతో స్వరజ్ఞానం అంతగా లేనివారు కూడా బేస్ గిటారుమీద పాటలోని వరుసలను పట్టుకోగలుగుతున్నారు. అంకెలు చూసి వ్రేలు పెడితే సరియైన స్వరం ఎలా పలుకుతున్నది? ఆ అంకెలు చెప్పకుండా వదలివేసేది ఏమిటి? ఈ రెండు విషయాలను పరిశీలిద్దాం.

సాధారణమైన బేస్ గిటారుకు నాలుగు తీగలుంటాయి. లావు తీగనుండి సన్నని తీగవరకు వాటి పేర్లు ఇ, ఎ, డి, జి. నొక్కకుండా మీటినప్పుడు అవి సెకనుకు వరుసగా 41.2, 55, 73.4, 98 సార్లు కంపిస్తాయి. వీణకు ఉన్నట్లే గిటారుకు కూడా మెట్లున్నవి. రెంటిలోనూ ఒక స్థాయికి 12 మెట్లు. టాబ్లేచరులో నాలుగు తీగలకు గుర్తుగా నాలుగు అడ్డుగీతలు గీస్తారు. అన్నిటికంటె క్రింది గీత లావు తీగను సూచిస్తుంది. గీతమీద 3 అని ఉంటే ఆ తీగను మూడవ మెట్టుకు కొంచెం వెనుక నొక్కి మీటాలి. సున్న ఉంటే నొక్కకుండానే మీటాలి.

తీగ లావు, బిగువు మారనప్పుడు దాని పౌనఃపున్యం పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. ఇది విద్యార్థులు సోనోమీటరుమీద చూసే నియమమే. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపై, స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది. 12వ మెట్టు ఉండేది అక్కడే. ఈ రెట్టింపును 12 సమాన నిష్పత్తులుగా విభజిస్తే, ఒక్కొక్క మెట్టుకు పౌనఃపున్యం సుమారు 1.0595 రెట్లవుతుంది. సమానమైనది నిష్పత్తే గాని దూరం కాదు. 1951లో వెలువడిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. ఆ కొలతలో మొదటి మెట్టు తీగ మొదలునుండి 1.91 అంగుళాల దూరంలో ఉంటుంది. 11, 12 మెట్ల మధ్య దూరం మాత్రం 1.01 అంగుళమే. పైకి పోయినకొద్దీ మెట్లు దగ్గరపడడానికి కారణం ఇదే.

ఈ లెక్క కొత్తది కాదు. శాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ ల్యూట్ అనే తంత్రీవాద్యంలో విద్వాంసుడు. ఆ వాద్యానికి సంగీతాన్ని టాబ్లేచరులో వ్రాసే విధానంపై ఆయన 1568లో ఒక గ్రంథం ప్రచురించాడు. మిగిలిన తీగ పొడవులో 18వ వంతు చొప్పున విడుస్తూ మెట్లు అమర్చే పద్ధతిని కూడా ఆయన వివరించాడు. ఇలా 12 మెట్లు అమర్చితే 34 అంగుళాల తీగలో మిగిలేది 17.12 అంగుళాలు. సరిగా సగానికి ఎంత సమీపంగా వచ్చిందో గమనించండి.

ఇక ఒక చిక్కు. ఇ తీగను 5వ మెట్టు వద్ద నొక్కి మీటితే 55 కంపనాలు వస్తాయి. ఎ తీగను నొక్కకుండా మీటినా అవే 55. స్వరం ఒకటే, చోట్లు రెండు. ఏ చోట మీటాలో స్వరలిపిని చూసి వాద్యగాడే నిర్ణయించుకోవాలి. టాబ్లేచరు నేరుగా చెబుతుంది. శ్రుతి చేయడానికి కూడా ఈ ఏకత్వమే ఆధారం. ఎ తీగ వదులై 53 కంపనాలే ఇస్తుంటే, రెండు చోట్ల స్వరాలనూ కలిపి మ్రోగించినప్పుడు సెకనుకు రెండు విస్పందనాలు వినిపిస్తాయి. అవి మాయమయ్యేవరకు తీగ బిగించాలి. శ్రుతి తప్పిన వాద్యంమీద అంకెలన్నీ సరిగా నొక్కినా పాట తప్పే.

అంకె చోటును చెబుతుంది, కాలాన్ని చెప్పదు. పాత ల్యూట్ టాబ్లేచరులో అంకెలపైన కాలప్రమాణ చిహ్నాలుండేవి. నేడు కంప్యూటరుమీద సాదా అక్షరాలతో టైపు చేసే ప్రతులలో అవి తరచు ఉండవు. క్వీన్ బృందం 1980లో విడుదల చేసిన ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ పాట తీసుకోండి. జాన్ డీకన్ వాయించిన ఆ వరుసలో ఒకే స్వరం మూడుసార్లు పలికి, తరువాత కొంత మౌనం వస్తుంది. అంకెలలో కనిపించేది మూడు సున్నలు మాత్రమే. ఆ మౌనం ఎంతసేపో తెలియకపోతే పాట రూపమే రాదు. రాక్ బృందంలో బేస్ గిటారు డ్రమ్ములతో కలిసి లయను నిలిపే వాద్యం. అందుచేత ఈ లోపం దీనికి మరింత హాని చేస్తుంది.

కాబట్టి నేర్చుకొనేవారు ముందు పాటను పలుమార్లు విని, చేతితో తాళం వేసి వరుసను నోటితో అనగలగాలి. తరువాతనే అంకెలు చూసి, విలంబకాలంలో సాధన ప్రారంభించాలి. ఉపాధ్యాయులు సోనోమీటరు తీగను మూడింట రెండు వంతులకు కుదించి మీటి చూపవచ్చు. గిటారుమీద 7వ మెట్టు దాదాపు అక్కడే ఉంటుంది. షడ్జానికి పంచమం ఎక్కడ ఉన్నదో విద్యార్థులు కొలబద్దతో కొలిచి, చెవితో పోల్చుకోగలుగుతారు.