ఊగే షాఫ్టుకు ఉరిశిక్ష

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాశారు. ఆయనది 2012 నాటి స్విఫ్ట్ డీజిల్. పికప్ పడిపోయింది, గట్టిగా తొక్కితే వెనక నల్లపొగ. షెడ్డులో మెకానిక్ టర్బో ముందున్న పైపు ఊడదీసి, లోపలి చిన్న చక్రాన్ని వేలితో ఊపి చూపించాడట. "చూశారా సార్, ప్లే వచ్చేసింది. పైపులో ఆయిల్ కూడా ఉంది. టర్బో పోయింది." కొత్తదాని ధర విని ఆయన బండి తోలుకుని ఇంటికొచ్చేశారు. ఇక తానే విప్పి చూసుకుంటారట. పనిలో పనిగా పవర్ పెంచే బాక్సు ఒకటి తగిలించుకోవచ్చా అని కూడా అడిగారు.

ఆ వేలి పరీక్ష మీద నాకు ఎప్పట్నుంచో కోపం. ఈ నెల పేజీలు దానికే.

టర్బో సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంజన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి కూరుతుంది. గాలి ఎక్కువైతే డీజిలూ ఎక్కువ కాల్చొచ్చు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఫియట్ రూపొందించిన ఈ 1248 సీసీ మల్టీజెట్ ఇంజన్‌ను మన దగ్గర మారుతి, టాటా కూడా వాడుకున్నాయి. అంత చిన్న డీజిల్ ఇంజన్ 75 గుర్రాల బలం ఇచ్చిందంటే టర్బో చలవే.

అసలు ముచ్చట ఆ రెండు చక్రాల మధ్య షాఫ్టుది. చిన్న కార్ల టర్బోలు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతాయి. షాఫ్టు మందం 6 మి.మీ. అనుకుని లెక్క వేయండి. దాని పైభాగం బేరింగులో గంటకు సుమారు 225 కి.మీ. వేగంతో జారుతోందన్నమాట. బేరింగు అంటే గుండ్లున్న బేరింగు అనుకునేరు. ఇలాంటి టర్బోల్లో ఎక్కువగా ఉండేది రాగి మిశ్రమంతో చేసిన చిన్న బుష్షే. ఆ వేగంలో లోహం లోహాన్ని తాకితే క్షణాల్లో పట్టేస్తుంది. తాకనివ్వనిది నూనె పొర. దాని మందం తలవెంట్రుక మందం కన్నా తక్కువ.

ఆ పొరను నిలబెట్టేది ఆయిల్ పంపు ప్రెషరని చాలామంది అనుకుంటారు. పంపు నూనెను గుమ్మం దాకా తెచ్చి వదిలిపెడుతుంది. మోసే పని షాఫ్టు తన తిరుగుడుతో తానే చేయించుకుంటుంది. ఇది బయటపడిన తీరు చూడండి. 1883లో ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి ఉంది, బేరింగు పైన కూర్చుంది. నూనె పోయడానికి ఆనాటి అలవాటు ప్రకారం బేరింగు నడినెత్తిన బెజ్జం వేశాడు. ఇరుసు తిరగడం మొదలెట్టగానే నూనె ఆ బెజ్జంలోంచి పైకి ఎగదన్నింది. బెండు బిగిస్తే తోసేసింది. చెక్క దిగ్గొడితే దాన్నీ తోసేసింది. చివరికి గేజి బిగించాడు. బేరింగు మీద సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌండ్లు, గేజి ముల్లు 200 దాటి చివరికంటా పోయింది! అంటే అన్నాళ్లూ ఇంజనీర్లు నూనె పోయడానికి ఎంచుకున్న చోటు, నూనె బయటికి తన్నుకొచ్చే చోటే. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వాగదు.

దీనికి లెక్క కట్టినవాడు ఆస్బోర్న్ రేనాల్డ్స్, 1886లో. షాఫ్టు బుష్‌లో సరిగ్గా నడుమ ఉండదు, కాస్త ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. కాబట్టి సందు ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు. జిడ్డు వల్ల షాఫ్టుకు అంటుకున్న నూనె దానితోపాటే తిరుగుతూ ఇరుకులోకి లాగబడుతుంది. అంత నూనెకు అక్కడ చోటు లేదు గనుక ఒత్తిడి పుట్టి షాఫ్టును ఎత్తుతుంది. వానాకాలం హైవే మీద కారు టైరు నీళ్ల మీదికెక్కి తేలిపోయేదీ ఇంచుమించు ఇలాగే. అక్కడ మనల్ని చంపే సూత్రం ఇక్కడ బండిని బతికిస్తోంది.

ఇంతటితో అయిపోలేదు. షాఫ్టు దగ్గరి నూనె షాఫ్టు వేగంతో పోతుంది, బుష్ గోడ దగ్గరిది కదలదు. సగటున పొర సగం వేగంతో తిరుగుతుంటుంది. ఆ తిరిగే నూనె షాఫ్టును తనతోపాటు గిరగిరా తిప్పుకుపోవడం మొదలెడుతుంది. షాఫ్టు తన చుట్టూ తాను తిరుగుతూనే, సుమారు సగం వేగంతో బుష్‌లో చిన్న ప్రదక్షిణలు చేస్తుంది. 1920లలో జనరల్ ఎలక్ట్రిక్‌లో న్యూకర్క్, టేలర్ అనే పరిశోధకులు దీన్ని పట్టుకునేదాకా ఇలాంటి అదురుకు షాఫ్టు బరువు సరిగ్గా తూగలేదన్నదే మామూలుగా చెప్పే కారణం. ఎంత సరిచేసినా ఈ జబ్బు దానికి లొంగదు.

టర్బోలో దీనికి చేసిన ఉపాయం నాకు ప్రాణం. బుష్‌ను బిగించకుండా వదిలేశారు. దాని బయట ఇంకో నూనె పొర, లోపలిదాని కన్నా మందమైనది. చాలా టర్బోల్లో బుష్ కూడా షాఫ్టు వేగంలో కొంత వంతు వేగంతో తానూ తిరుగుతుంది. ప్రదక్షిణలు తప్పవు గానీ ఆ అదురును బయటి పొర మింగేస్తుంది.

ఇప్పుడు మన మెకానిక్ వేలి దగ్గరికి రండి. ఇంజన్ ఆగి ఉంది, ప్రెషర్ లేదు. రెండు పొరల సందూ కలిసి వేలికి తెలుస్తోంది. షాఫ్టు పక్కలకు మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూగా కదలాలి. కదలకపోతేనే అనుమానించాలి. చూడవలసినవి వేరే ఉన్నాయి. షాఫ్టును ముందుకూ వెనక్కూ లాగి నొక్కండి. ఆ దిశలో టక్కుమని చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు. తర్వాత టార్చి వేసి చక్రం చుట్టూ ఉన్న అల్యూమినియం గోడ చూడండి. రెక్కలు రాసుకున్న మెరుపు గీత ఉన్నా, రెక్కల అంచులు చిట్లినా మెకానిక్ మాట నిజం. అవేవీ లేకపోతే టర్బోను వదిలేయండి.

పైపులో ఆయిల్ సంగతి. ఇంజన్ క్రాంక్‌కేసు ఆవిర్లు బ్రీదర్ పైపు గుండా ఆ దారిలోకే వస్తాయి. పాత డీజిల్ బండిలో అక్కడ కాస్త తడి సహజం. నూనె కాలి నీలిపొగ వస్తే చాలు 'సీలు పోయింది' అంటారు. టర్బోలో మనమనుకునే రబ్బరు సీలు లేదు, పిస్టన్ రింగులాంటి సన్నని ఇనుప రింగు ఉంటుంది. నూనెను ఆపడంలో చక్రాల వైపు గాలి ఒత్తిడిది పెద్ద పాత్ర. పని ముగించిన నూనె నురగలాగా మారి తన బరువుతో తానే కిందికి జారాలి, లాగే పంపు లేదు. ఆ డ్రెయిన్ పైపు మూసుకుంటే నూనె చక్రాల వైపు తన్నుకొస్తుంది. డ్రెయిన్ ఫ్లాంజికి గ్యాస్కెట్ పేస్టు దండిగా పూసి బిగిస్తే, లోపలికి పిండిన పేస్టు ఆ దారికే అడ్డం పడుతుంది. పాపం, కొత్త టర్బో వేసినా అదే పొగ.

ఒంగోలు బండిది నీలిపొగ కాదు, నల్లపొగ. అంటే డీజిలుకు తగ్గ గాలి లేదు. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కణ్నుంచి ఇంజన్‌కూ పోయే రబ్బరు హోసులను ఇంజన్ చల్లారాక అడుగువైపు తడిమి చూడండి. ఒత్తిడి ఉన్నప్పుడే నోరు తెరిచే చీలిక కంటికి కనపడదు గానీ చుట్టూ జిడ్డుతో కలిసిన దుమ్ము మరక పెడుతుంది. క్లిప్పులు, ఎయిర్ ఫిల్టర్ చూడండి. గాలి ఒత్తిడి హద్దు దాటకుండా కొంత పొగను చక్రం పక్కనుంచి పంపేసే తలుపే వేస్ట్‌గేట్; దాని కడ్డీ తుప్పుతో పట్టేసిందేమో చూడండి.

ఇక పవర్ బాక్సు. అలాంటి చాలా బాక్సులు సెన్సరుకు అబద్ధం చెప్పి డీజిలు పెంచుతాయి. గాలే చాలని బండికి ఇంకాస్త డీజిలా! గాలి కోసమని వేస్ట్‌గేట్ కడ్డీని పొట్టి చేసే మహానుభావులున్నారు. గాలి ఒత్తిడి పెరగాలంటే షాఫ్టు ఇంకా వేగంగా తిరగాలి, వేడీ పెరుగుతుంది. భారమంతా ఆ పలచటి పొర మీదే, అదీ ఎప్పుడు మార్చారో గుర్తులేని ఆయిల్‌తో. బాక్సు డబ్బుతో కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలూ రెండు ఫిల్టర్లూ కొనండి. ఘాటెక్కి వచ్చాక ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, లేకపోతే ఆగిన నూనె వేడికి మాడి బుష్ దగ్గర బొగ్గవుతుంది. కూరగాయల మార్కెట్‌కు వెళ్లొచ్చి కూడా అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచేవాళ్లకు మాత్రం చెప్పేదేమీ లేదు.

ఒకవేళ రెక్కలు నిజంగానే రాసుకుని ఉంటే, కొత్త టర్బోతోపాటు ఆయిల్ ఫీడ్ పైపు కూడా మార్చండి. పాతదానిలోని బొగ్గు కొత్త బుష్‌ను ఎండగడుతుంది. బిగించాక ఫీడ్ రంధ్రంలో కాస్త శుభ్రమైన ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో నాలుగు చుట్లు తిప్పి, ఆ తర్వాతే తాళం తిప్పండి.