గోడ కట్టారు, మాట వినలేదు

మా భవానీపురం పక్కనే పారే కృష్ణానదికి కాస్త దిగువన ప్రకాశం బ్యారేజీ ఉంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ దగ్గర నీరు నిలిస్తేనే కాలువలు పారతాయి, డెల్టా పొలాలు పండుతాయి. ప్రాచీన ఏథెన్సు ప్రజల అన్నం కూడా ఇలాగే ఒక్క చోటు మీద ఆధారపడి ఉండేది. అదే థ్రేసు కెర్సొనెసస్ ద్వీపకల్పం. నేటి టర్కీలోని గల్లిపోలి. నల్లసముద్ర తీరాల నుంచి ధాన్యం ఓడలు దాని పక్కనున్న హెల్లెస్పాంటు అనే ఇరుకు జలసంధి గుండానే ఏథెన్సుకు రావాలి.

అందుకే ఆ చోటు కోసం ఎన్నో పోరాటాలు జరిగాయి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఏథెన్సు వాడైన మిల్టియాడీస్, శత్రువులు రాకుండా ఆ ద్వీపకల్పం మెడకు అడ్డంగా గోడ కట్టించాడు. ఎస్తేరు గ్రంథంలోని అహష్వేరోషుగా చాలామంది గుర్తించే పర్షియా రాజు క్సెర్క్సీస్, క్రీ.పూ. 480లో ఓడల వంతెన మీదుగా తన సైన్యాన్ని అక్కడికి దాటించాడు. మొదటి వంతెన తుపానుకు కొట్టుకుపోతే సముద్రానికే కొరడా దెబ్బలు కొట్టించాడంటాడు హెరొడోటస్!

క్రీ.పూ. 405లో ఏథెన్సు నౌకాదళం ఆ ద్వీపకల్పంలోనే ఏగోస్పొటమి అనే చోట, రేవు లేని తీరంలో ఆగింది. దగ్గర్లో కోట కట్టుకొని ఉంటున్న ఆల్సిబయడీస్ వచ్చి, ఇక్కడుండడం ప్రమాదం, సెస్టోసు రేవుకు వెళ్లండని హెచ్చరించాడు. అతడు ఏథెన్సుకు దూరమైనవాడు, చెడ్డపేరున్నవాడు. సేనాపతులు అతణ్ని కసిరి పంపేశారు. అయిదో రోజున నావికులు తిండి కోసం చెదిరిపోయి ఉండగా స్పార్టా సేనాని లైసాండర్ వచ్చిపడ్డాడు. దాదాపు 180 ఓడల్లో తప్పించుకున్నవి కొద్దే. ధాన్యం దారి మూతబడింది. ఆకలికి తాళలేక మరుసటి ఏడు ఏథెన్సు లొంగిపోయి, తన గోడలు కూల్చుకోవాల్సి వచ్చింది.

దాదాపు నాలుగున్నర శతాబ్దాల తర్వాత, ఆ జలసంధికి దక్షిణానున్న త్రోయకు పౌలు వచ్చాడు. ఆయన బితూనియకు వెళ్లాలనుకున్నాడు గాని ఆత్మ వెళ్లనివ్వలేదు. రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి పిలిచాడు. పౌలు తన ప్రణాళిక పక్కన పెట్టి వెంటనే ఓడ ఎక్కాడు (అపొ. కార్యములు 16). వెంట సైన్యం లేదు, ఉన్నది కొద్దిమంది తోటి పరిచారకులే. అయినా ఫిలిప్పీలో లూదియ ఇంటి తలుపు తెరుచుకుంది.

చెప్పినవాడు మనకు నచ్చనివాడైనంత మాత్రాన అతని మాట అబద్ధమైపోదు. ఇంట్లో చిన్నవాళ్లు, సంఘంలో మనం పక్కన పెట్టినవాళ్లు ఈ వారం మనకేమైనా చెప్పారా? గోడలు కట్టుకోవడంలో మనకు లోటు లేదు. మాట వినే చెవి ఉందా అన్నదే ప్రశ్న.